చెవి మేస్త్రికి వినపడనిది

ఆ షెడ్డులో అతని అసలు పేరు ఎవరికీ అక్కర్లేకపోయింది. అందరికీ అతను చెవి మేస్త్రి. బండి స్టార్ట్ చేయించి, చెయ్యి కూడా వేయకుండా కాసేపు పక్కన నిలబడి, తల కాస్త వంచి, "చెయిన్ వదులైంది", "బేరింగ్ పోయింది" అనేవాడు. విప్పి చూస్తే అదే అయ్యుండేది. దాంతో మిగతా మెకానిక్కులకి ఒక చెడ్డ అలవాటు పట్టుకుంది. ఇంజన్ వినడం మానేసి మేస్త్రి మొహం చూడడం మొదలుపెట్టారు. అతని కనుబొమ్మలు ముడిపడితే బండికి జబ్బున్నట్టు, లేకపోతే లేనట్టు. ఓనరు సంగతైతే చెప్పనే అక్కర్లేదు. వచ్చిన ప్రతి కస్టమరుకీ బళ్ళకన్నా ముందు మేస్త్రిని చూపించేవాడు. "మా దగ్గర మెషీన్లు తక్కువండీ. ఈయన చెవులున్నాయి, చాలు" అనేవాడు. అలా అన్నప్పుడల్లా మేస్త్రి పెళ్ళిచూపుల్లో కూర్చున్నవాడిలా నేల చూపులు చూసేవాడు.

ఆ చెవులు ఏడాదిగా మూసుకుపోతున్నాయని అతనొక్కడికే తెలుసు.

వింతేమిటంటే, షెడ్డులో రొద ఉన్నంతసేపూ అతనికి పెద్ద ఇబ్బంది ఉండేది కాదు. ఒక పక్క కంప్రెసర్, ఇంకో పక్క సుత్తి దెబ్బలు. ఆ గోలలో అందరూ గొంతు పెంచుకుని మాట్లాడతారు, ఆ పెంచిన గొంతులు అతనికి చక్కగా అందేవి. చిక్కంతా నిశ్శబ్దంలోనే. కంప్రెసర్ ఆగగానే మనుషులు మామూలు గొంతుకి దిగిపోతారు, అతని చెవుల్లో ఎవరో దూది కుక్కినట్టయ్యేది. అందుకే అతనికి పనివేళలు నయం, విరామం గండం. ఇల్లు అంతకన్నా పెద్ద గండం. అతని ఇల్లు ప్రశాంతమైన ఇల్లు, పైగా భార్య మెల్లగా మాట్లాడే మనిషి.

"చెవిలో ఇల్లు కట్టుకుని పోరినా ఈయనకి ఎక్కదు" అని ఆమె మొదట్లో నవ్వుతూ అనేది. తర్వాత నవ్వకుండా అంది. ఆ తర్వాత అనడమే తగ్గించేసింది.

చెప్పేస్తే పోయేది కదా అని మనకి అనిపిస్తుంది. కానీ అతని తల్లికి కూడా సరిగ్గా ఈ వయసులోనే వినికిడి తగ్గింది. ఇంట్లోవాళ్ళు కొన్నాళ్ళు అరిచి చెప్పారు. కొన్నాళ్ళకి అరవడానికి విసుగేసింది. చివరికి చెప్పడమే మానేశారు. ఇంట్లో ఏ నిర్ణయమైనా అయిపోయాకే ఆవిడకి తెలిసేది, అదీ ఎవరికైనా గుర్తుంటే. అలా మానేసినవాళ్ళలో తనూ ఉన్నాడు కాబట్టే మేస్త్రికి అంత భయం.

అలాంటి రోజుల్లో ఒక లైబ్రేరియన్ కొత్త బండి తీసుకొచ్చింది. పాతకాలపు రూపుతో ఈమధ్యే వచ్చిన మోడల్ అది. గుండ్రటి హెడ్‌లైటు, ఉబ్బెత్తు ట్యాంకు, గాలికే చల్లారే ఒంటి సిలిండరు ఇంజన్. రూపు తాతది, వయసు మనవడిది. ఆమెకి తీరిక దొరికేది భోజనాల వేళలోనే. షెడ్డులో ఆ వేళకి ఈగ వాలినా వినపడుతుంది, మేస్త్రికి తప్ప. ఆమె గొంతు చూస్తే జీవితమంతా పుస్తకాల మధ్య గుసగుసలాడిన గొంతు. పెదాలు కదిలాయి. మేస్త్రికి అందింది "టిక్ టిక్" అన్న ముక్క ఒక్కటే.

బండి స్టార్ట్ చేయించాడు. తల వంచాడు. గుండె దడదడలాంటి మోత తెలుస్తోంది, దాని మీద ఇంకేదీ లేదు. దిక్కుతోచక మెకానిక్కుల మొహాలు చూశాడు. వాళ్ళు మామూలుగానే అతని మొహం చూస్తున్నారు.

"ఈ రకం ఇంజన్‌లో వాల్వుల చప్పుడు కాస్త ఉంటుందమ్మా. కొత్త చెప్పులు కరిచినట్టే. నడిస్తే సర్దుకుంటుంది" అన్నాడు.

అందరూ తలలూపారు. అది పూర్తిగా అబద్ధం కూడా కాదు. ఇలాంటి ఇంజన్లలో వాల్వుల్ని నొక్కే మీటలకీ వాల్వులకీ మధ్య వెంట్రుకవాసి సందు ఉండాలి, ఆ సందు ఉన్నంత కాలం కొంత టిక్కుటిక్కు తప్పదు. అయితే ఏది ఉండాల్సిన చప్పుడు, ఏది ఉండకూడని చప్పుడు అని తేల్చడానికే కదా ఊళ్ళోవాళ్ళు చెవి మేస్త్రి దగ్గరికి వచ్చేది.

ఆమె మళ్ళీ వచ్చింది. చప్పుడు పెరిగిందంది. అతను మళ్ళీ అదే మాట చెప్పి పంపాడు. మూడోసారి వచ్చినప్పుడు ఓనరు కూడా అక్కడే ఉన్నాడు. ఓనరుది మైకు మింగిన గొంతు కాబట్టి ఆమె చెప్పిందంతా అతని నోట మళ్ళీ వినపడింది.

"మేస్త్రీ, మేడమ్ ఎల్లుండి వాళ్ళ అమ్మగారిని వెనక కూర్చోబెట్టుకుని కొండ దాటి వెళ్తున్నారంట. మీరు పర్లేదంటే వెళ్తారంట, లేదంటే మానేస్తారంట. చూసి చెప్పండి. ఊరికే విప్పామంటే మాత్రం కంపెనీవాళ్ళు వారంటీ ఒప్పుకోరు. ఏ చప్పుడు, ఎక్కడ, అది రాయాలి."

ముందు నుయ్యి, వెనక గొయ్యి. పర్లేదంటే పెద్దావిడ కొండ మలుపులో ఏమవుతుందో తెలియదు. విప్పుతానంటే ఏం విన్నావని అడుగుతారు. "మీరు భోజనాలు కానివ్వండి, నేను చూస్తాను" అని అందర్నీ పంపేశాడు.

పొడుగు స్క్రూడ్రైవర్ మొన ఇంజన్‌కి ఆనించి, పిడి చెవి దగ్గర పెట్టుకుని వినడం కొత్తగా పనిలో చేరినవాళ్ళు చేసే పని. అందరి ముందూ దాన్ని పట్టుకోవడం అతనికి నామోషీ, అందుకే దాన్ని ముట్టుకుని ఏళ్ళయింది. ఇప్పుడు ఎవరూ లేరు కదా అని తీసి, బండి స్టార్ట్ చేశాడు. ఇంజన్ ఆగిపోబోతుంటే ఒక చేత్తో యాక్సిలరేటర్ పట్టుకున్నాడు. రెండో చేత్తో వేడెక్కిన గొట్టం మీద పడుతున్న వైరు పక్కకి లాగాల్సొచ్చింది. స్క్రూడ్రైవర్ పిడి పళ్ళ మధ్య కరిచిపట్టుకున్నాడు. వంగేసరికి దాని మొన ఇంజన్ తల మీది మూతకి తగిలింది.

టిక్. టిక్. టిక్.

ఆ చప్పుడు బయట నుంచి వచ్చినట్టు లేదు, తన పుర్రెలోనే పుట్టినట్టుంది. మొన ఒక పక్కకి జరిపాడు, చప్పుడు పలచబడింది. పొగ గొట్టం వైపు వాల్వు మీద పెట్టాడు, సుత్తి పెట్టి కొట్టినట్టు మోగింది. ఇంజన్ వేడెక్కేకొద్దీ తగ్గాల్సింది తగ్గడం లేదు. ఇది కొత్త చెప్పు కరవడం కాదు, ఏదో వదులైపోయింది. ఎంత సంతోషం వేసిందంటే, కళ్ళు చెమర్చాయి. ఆ వెంటనే బెంగ కూడా పట్టుకుంది. చప్పుడు ఎక్కడికీ పోలేదు, పోయింది తన చెవులే. ఇన్నాళ్ళూ కాదేమోనన్న చిన్న ఆశ ఉండేది, అది కూడా పోయింది.

తలెత్తి చూస్తే ఓనరు, లైబ్రేరియన్, మెకానిక్కులు వరసగా నిలబడి ఉన్నారు. ఎంతసేపటి నుంచి చూస్తున్నారో తెలియదు. నోట్లో స్క్రూడ్రైవర్‌తో దొరికిపోయానని మేస్త్రి అనుకున్నాడు. ఒక రకంగా, దొరికిపోతే బాగుండని కూడా అనుకున్నాడు.

"చూశారా మేడమ్?" అన్నాడు ఓనరు. "చెవులతో అందరూ వింటారు. మా మేస్త్రి పళ్ళతో వింటాడు."

మూత విప్పితే, వాల్వు సందుని పట్టి ఉంచే చిన్న నట్టు వేలితో తిప్పితే తిరిగింది. ఇంకొన్నాళ్ళు పోతే ఊడిపోయి ఉండేది. సందు సరిచేసి బిగించాడు. "మొదటిసారే పట్టుకోవాల్సిందమ్మా. తప్పు నాదే" అన్నాడు. ఆమె మెల్లగా ఏదో అంది. అతను నవ్వి తలూపాడు.

మర్నాటి నుంచి షెడ్డులో ప్రతివాడి నోట్లోనూ ఒక స్క్రూడ్రైవరే. ఏదో అంతు తెలిసినట్టు కళ్ళు మూసుకుని, "అవును, ఉంది" అనేవాళ్ళు. పళ్ళతో వినే విద్య మీద వీడియో తీయిద్దామన్నాడు ఓనరు. నిజం చెబుదామని మేస్త్రి ఒకటి రెండుసార్లు నోరు తెరిచాడు కూడా. తెరిచినప్పుడల్లా ఎవరో ఒకరు స్క్రూడ్రైవర్ అందించారు. కుడితిలో పడ్డ ఎలుకలా అయింది అతని పని. ఎంత కొట్టుకుంటే అంత లోపలికి.

ఈ ఘనకార్యం ఆ నోటా ఈ నోటా పడి భార్య దాకా వెళ్ళింది. ఆమెకి సంతోషం వేయలేదు. ఇనప పెట్టెలో దాక్కున్న నట్టు గుసగుస వినపడ్డ మనిషికి, మూరెడు దూరంలో ఉన్న తన మాట వినపడకపోవడమేమిటి? ఇక అనుమానమే లేదు, తన మాటంటే ఈయనకి లెక్క లేదు అనుకుంది.

సెలవు రోజు పొద్దున మేస్త్రి వంటింటి గుమ్మంలో కూర్చుని, వీధి వైపు తిరిగి, చెప్పుకి ఊడిన పట్టీ కుట్టుకుంటున్నాడు. వెనక ఆమె మిరియాలు మిక్సీ పడుతోంది. ఆ మోతలో, తనలో తాను అనుకున్నట్టే గానీ మోతకి తగ్గట్టు గొంతు పెంచి అంది.

"రేపు నేను అక్క వాళ్ళింటికి వెళ్తున్నాను. మళ్ళీ ఎప్పుడొస్తానో తెలీదు."

అతను సూది వదిలేసి గిరుక్కున తిరిగాడు. "ఎప్పుడొస్తానో తెలీదంటే ఏంటి?"

ఆమె స్విచ్ ఆపింది. "అటు తిరగండి" అని చేత్తో సైగ చేసింది. అతను తిరిగాడు. ఆమె మామూలు గొంతుతో ఏదో అంది. అతను కదల్లేదు. ఇంకోసారి అంది. కదల్లేదు. మిక్సీ వేసి, అదే మాట మోత మీద నుంచి అంది.

"మీకు వినపడట్లేదు కదూ?"

అతని భుజాలు జారిపోయాయి. ఒకసారికి ఒకటే మార్చి చూడాలి, అప్పుడే జబ్బెక్కడుందో దొరుకుతుంది అని షెడ్డులో అందరికీ నేర్పింది అతనే. ఇంటికొచ్చి ఆమెకి కూడా గొప్పగా చెప్పాడు.

ఆమె గిన్నెలోని పొడి వేరే దాంట్లోకి ఒంపేసి, ఖాళీ గిన్నె మళ్ళీ పెట్టి స్విచ్ వేసింది. ఖాళీ మిక్సీ ఇల్లంతా అదిరేలా తిరుగుతోంది.

"ఎన్నాళ్ళ నుంచి?"

"ఏడాది. షెడ్డులో ఎవరికీ చెప్పకు. ఇది తెలిస్తే నేనక్కడ ఎందుకూ పనికిరాను."

"షెడ్డు సంగతి తర్వాత. నాకెందుకు చెప్పలేదు?"

"అమ్మకి అందరం చెప్పడం మానేశాం. నువ్వు కూడా మానేస్తావేమోనని భయపడ్డాను."

"మానేశాను కదండీ" అంది ఆమె. "వినపడట్లేదని కాదు. మీకు వినడం ఇష్టం లేదనుకుని."

ఆ తర్వాత ఆమె ఆగలేదు. స్టూలు లాక్కుని అతని ఎదురుగా కూర్చుని, ఏడాదిగా దాచుకున్నవన్నీ ఒకటొకటే చెప్పుకుపోయింది. పక్కింటివాళ్ళు ఖాళీ చేసి వెళ్ళిపోయిన సంగతి, తనకి మోకాలు నొప్పి మొదలైన సంగతి, ఒక సాయంత్రం గుమ్మంలో నిలబడి తను ఊరికే ఏడ్చిన సంగతి. అతను ఒక్క మాట కూడా పోకుండా విన్నాడు. మధ్యలో ఎప్పుడో మిక్సీ నుంచి మాడు వాసన మొదలైంది. ఇద్దరూ పట్టించుకోలేదు. చివరికి సన్నగా పొగ లేచేసరికి ఆమె చెయ్యి చాచి స్విచ్ ఆపింది.

ఆమె పెదాలు ఇంకా కదులుతూనే ఉన్నాయి.