టీచరుగారు కొట్టేసిన వాక్యం

మా టీచరుగారు పోయారు. మొన్న శుక్రవారం పొద్దున్న ఎక్స్‌పో రైలు స్టేషన్లో దిగి ఆఫీసు వైపు నడుస్తుంటే వాళ్ళబ్బాయి ఫోన్ చేశాడు. "అమ్మ పోయింది అక్కా" అన్నాడు. సాయంత్రానికి పూలదండ బొమ్మతో అందరి ఫోన్లకూ మెసేజ్ వచ్చింది. ఆవిడ ధైర్యంగా, ప్రశాంతంగా, చిరునవ్వుతో కన్నుమూశారని అందులో ఉంది.

ఆ మూడింటిలో మొదటిది నిజం. మిగతా రెండూ పూలదండతోపాటు వచ్చినవే.

మా తెలుగువాళ్ళ పత్రికకు ఆవిడ గురించి నాలుగు మాటలు రాయమన్నారు. రాశాను. అచ్చుకిచ్చే ముందు వాళ్ళబ్బాయికి చదివి వినిపించాను. అంతా బాగుంది గానీ ఒక్క వాక్యం తీసెయ్యమన్నాడు, ఆవిడ చివర్లో భయపడ్డారన్నది. తియ్యనన్నాను. ఎందుకు తియ్యనో చెప్పడానికే మళ్ళీ మొదట్నుంచి రాస్తున్నాను. అది తీసేస్తే ఎనిమిదేళ్ళు ఆవిడ పక్కన కూర్చుని నేను నేర్చుకున్నది సున్నా.

టీచరుగారిది కాకినాడ. భర్తకు ఈ దేశంలో సెంబవాంగ్ షిప్‌యార్డులో ఉద్యోగం. ఆయన వచ్చిన ఏడాదికి ఆవిడ వచ్చారు. ఇక్కడి బళ్ళో ముప్ఫయ్యేళ్ళు చరిత్ర చెప్పి రిటైరయ్యారు. భర్త పోయాక కొడుకు తన ఫ్లాటుకి రమ్మన్నా తామున్న ఫ్లాట్ల బ్లాకు వదల్లేదు. మాదీ ఆ బ్లాకే, రెండంతస్తులు కింద. కొత్తగా దిగినప్పుడు లిఫ్టులో కనబడితే, ఇక్కడ పెద్దవాళ్ళందరినీ పిలిచినట్టే "బాగున్నారా ఆంటీ" అన్నాను. ఆవిడ నన్ను ఎగాదిగా చూసి, "నేను నీకు పిన్ని వరసా, అత్త వరసా?" అన్నారు. నేను వరసలు లెక్కేసుకుంటున్నాను. "ఏ వరసా తేలకపోతే టీచరుగారూ అను. అది నేను కష్టపడి తెచ్చుకున్నది" అన్నారు. ఆవిడ కోపం ఎప్పుడూ ముక్కు మీదే ఉండేది. ఈ ముక్క కూడా పత్రికలో వద్దంటారేమో, ఉంచుతాను.

ఇంకో రోజు అదే లిఫ్టులో నేనేం పని చేస్తానని అడిగారు. చాంగీ బిజినెస్ పార్కులో ఒక బ్యాంకు ఆఫీసులో ఖాతాదారుల కాగితాలు సరిచూస్తానని చెప్పాను. దరఖాస్తులో ఉన్నదీ పాస్‌పోర్టులో ఉన్నదీ ఒకటేనా కాదా చూడటం, అంతే. ఆవిడ కళ్ళు మెరిశాయి. శనివారం తొమ్మిదింటికి రా అన్నారు. పిలిచారా, ఆజ్ఞ వేశారా అని నేను తేల్చుకునేలోపు లిఫ్టు తలుపులు మూసుకున్నాయి.

వెళ్తే కాఫీ ఇచ్చి కంప్యూటర్ ముందు కూర్చోబెట్టారు. తెర మీద గోధుమరంగు కాగితం ఫోటో, దాని నిండా చీమలబారులాంటి ఇంగ్లీషు రాత. అమెరికావాళ్ళు ఇంగ్లండు రాజు మీద తిరగబడి యుద్ధం చేసిన రోజుల్లో ఒక సిపాయి ఇంటికి రాసుకున్న ఉత్తరం అది. పాత కాగితాలు భద్రపరిచే వాళ్ళెవరో అక్కడ అలాంటివి బోలెడన్ని ఫోటోలు తీసి పెట్టారట. ఓపికున్నవాళ్ళు ఏ దేశంలో కూర్చునైనా చదివి టైపు చేసి పంపవచ్చట.

సెంబవాంగ్‌లో ఉన్న మనకు అమెరికా సిపాయిలతో పనేమిటండీ అన్నాను. అప్పుడు వాళ్ళాయన సంగతి చెప్పారు. ఆయన ముందుగా ఒక్కరే వచ్చి ఉన్న ఆ ఏడాదీ కాకినాడకు రాసిన ప్రతి ఉత్తరమూ ఉభయకుశలోపరి అని మొదలై, ఇక్కడ నాకే లోటూ లేదు అని ముగిసేదట. తీరా ఆవిడ వచ్చి చూస్తే ఒక్క గదిలో ఎనిమిదిమంది, వంతులవారీ నిద్ర. అప్పట్నుంచీ బాగున్నానని రాసినవాడి మీద ఆవిడకు నమ్మకం పోయింది. "బళ్ళో ఇన్నేళ్ళూ పిల్లలకి గుర్రమెక్కిన జనరల్ని చూపించాను. గుర్రం వెనకాల నడిచినవాడు ఏవన్నాడో ఇప్పుడైనా వినొద్దూ?" అన్నారు.

ఆ సిపాయిలదీ ఉభయకుశలోపరే. నేను క్షేమం, మీరూ క్షేమమని తలుస్తాను అనే మొదలుపెట్టేవారు, అచ్చం మన తాతల్లాగే. టీచరుగారు ఆ మర్యాద దాటించి నేరుగా కాగితం అడుక్కి తీసుకెళ్ళేవారు. అసలు సరుకు అక్కడుండేది. బూట్లు పంపమని. ఆవు ఈనిందా అని. గడ్డి కోతకు ఎవరొచ్చారని. ఊళ్ళో ఉప్పు దొరుకుతోందా అని. గుడారంలో పక్కవాడికి మశూచి సోకిందని, తనకింకా రాలేదని. స్వేచ్ఛ, హక్కులు అని పెద్ద మాటలు రాసినవాళ్ళూ ఉన్నారు. వాళ్ళ ఉత్తరాలు వచ్చినప్పుడు ఆవిడ నవ్వి, "జెండా గురించి పేజీడు రాశాడంటే కాళ్ళకి బూట్లున్నాయని అర్థం" అనేవారు.

ఒక ఉత్తరంలో ఎవరో సిపాయి, తన దళంలో యజమానికి బదులుగా యుద్ధానికొచ్చిన బానిస ఒకడున్నాడని ఒక్క ముక్క రాసి వదిలేశాడు. ఆ ముక్క దగ్గర టీచరుగారు గంటసేపు కూర్చుండిపోయారు. ఆ బానిస ఉత్తరం ఎక్కడైనా ఉందేమోనని వెతికారు, నాచేతా వెతికించారు. దొరకదని ఆవిడకీ తెలుసు. "స్వేచ్ఛ కోసం యుద్ధం అన్నారు. ఇతనికి మాత్రం ఓ కాగితం ముక్క ఇవ్వలేదు" అన్నారు. కాఫీ చల్లారిపోయింది. ఆ రోజు ఇంకో ఉత్తరం ముట్టుకోలేదు.

ఆవిడకో పద్ధతి ఉండేది. ఉత్తరం ఫోటోను పెద్దగా ప్రింటు తీసేవారు. ఒకరు టైపు చేసింది గట్టిగా చదవాలి, రెండోవాళ్ళు ప్రింటు మీద వేలు పెట్టి వెంట రావాలి. తేడా వచ్చిన చోట వేలు ఆగాలి. కళ్ళు అబద్ధమాడతాయి, వేలు ఆడదు అనేవారు.

ఆ వేలికే నేను దొరికిపోయాను. చలికాలంలో రాసిన ఉత్తరం ఒకటి. ఆ సైన్యంలో చాలామంది కొద్ది నెలలకు ఒప్పుకుని చేరినవాళ్ళు, గడువు తీరితే ఇంటికి పోవచ్చు. ఆ సిపాయి, వసంతం దాకా ఉంటానని ఒప్పుకున్నాను, దిగులు పడకు అని భార్యకు రాశాడు. నేను అదే టైపు చేశాను. దానికి పైన ఇంకో వాక్యం ఉంది, దాని మీద అడ్డంగా సిరా గీత ఉంది. రాసినవాడే వద్దనుకున్నాడు కదా అని వదిలేశాను. మా ఆఫీసులో అంతే, కొట్టేసినదాని పక్కన సంతకం ఉందా లేదా చూస్తాం, అందులో ఏముందో ఎవరూ చదవరు.

నేను చదువుతుంటే ఆవిడ వేలు ఆగింది. ఇదేదీ అన్నారు. కొట్టేశాడుగా అన్నాను. ఆవిడ కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు. కళ్ళజోడు బల్ల మీదికి వచ్చిందంటే నాకు మూడిందన్నమాట. ప్రింటు కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి, గీత కింద అక్షరాలు ఒక్కొక్కటే నాచేత చదివించారు. ఎవరేమనుకున్నా సరే, కొత్త సంవత్సరానికి ఇంటికి వచ్చేస్తున్నాను అని ఉంది.

"కొట్టేసిందీ ఆయన రాసిందే" అన్నారు. "ఇంటికి పోవాలని లేనివాడు ఉండిపోతే అందులో గొప్పేవుంది? వీడు పోదామనుకున్నాడు, రాసుకున్నాడు, కొట్టేసుకున్నాడు, ఉండిపోయాడు. ఆ దేశం నిలబడింది ఈ గీత మీద. నువ్వు దాన్ని చెత్తబుట్టలో వేశావు."

ఆ తర్వాత ఎప్పుడూ వదల్లేదు. కొట్టివేత అని రాసి, ఆ వాక్యాన్ని బ్రాకెట్లో పెట్టి టైపు చేసేదాన్ని. చరిత్రకి ఇస్త్రీ చెయ్యకు అన్న ఆవిడ మాట కూడా ఆ రోజుదే.

ఒకసారి మా తెలుగు పిల్లల ఆదివారం బడిలో మాట్లాడమంటే వెళ్ళి, తల నిండా పేలతో, చిరిగిన బూట్లతో రాసిన ఉత్తరం చదివారు. పిల్లలు నోళ్ళు తెరుచుకుని విన్నారు. నిర్వాహకుడొకాయన లేచి, కాస్త స్ఫూర్తినిచ్చేవి చెప్పండి మేడమ్ అన్నాడు. మంచులో బూట్లు లేకుండా నిలబడ్డవాడు స్ఫూర్తి కాకపోతే ఇంకెవడు బాబూ అని అడిగారు ఈవిడ. మళ్ళీ ఎవరూ పిలవలేదు. ఆ పిలవకపోవడాన్ని బహుమతి వచ్చినంత గర్వంగా చెప్పుకునేవారు.

ఫోనులో మెసేజులు పెట్టడం ఆవిడకు గిట్టదు. పచ్చడి పంపినా ఉప్మా పంపినా డబ్బా మూత మీద చీటీ ఉండేది. ముత్యాల్లాంటి రాత. చీటీలో ఒక్క అక్షరం తప్పినా ఆ కాగితం పారేసి కొత్తది రాసేవారు. ఎనిమిదేళ్ళలో ఆవిడ చీటీ మీద కొట్టివేత నేను చూడలేదు. ఇది గుర్తుపెట్టుకోండి.

పోయిన నెల గుండె ఇబ్బంది పెడితే ఆస్పత్రిలో చేరారు. రెండుసార్లు వెళ్ళాను. రెండుసార్లూ మంచం మీంచే నన్ను నిలదీశారు, సగంలో ఉన్న ఉత్తరం ఎంతవరకు వచ్చిందని. ఆ పై వారం మా ఆఫీసులో ఆడిట్. బుధవారం పొద్దున్న, తంజోంగ్ పగార్‌లో తన ఆఫీసుకి పోతూ వాళ్ళబ్బాయి మా బ్లాకు దగ్గర ఆగి, అమ్మ ఇమ్మంది అని చీటీ ఇచ్చాడు. రైల్లో నిలబడి చదివాను. పైన ఒక వరస కొట్టేసి ఉంది. దాని కింద, ఆఫీసు పని చూసుకో, ఆదివారం రా, నీ స్టీలు డబ్బా మా వంటింట్లో రెండో అరలో ఉంది అని రాసి ఉంది.

హమ్మయ్య అనుకున్నాను. అనుకున్నాను కాబట్టి రాస్తున్నాను. కొట్టేసిన వరస నా కంటపడింది. చదవలేదు. ఛీ, నేనేం నేర్చుకున్నట్టు?

శుక్రవారం ఫోన్ వచ్చాక ఆఫీసుకు వెళ్ళలేకపోయాను. స్టేషన్ బయట గట్టు మీద కూర్చుని చీటీ తీసి ఎండకు పట్టాను. ఆవిడ నేర్పినట్టే ఒక్కో అక్షరం విప్పాను. ఆవిడకు భయమేసిందని నాకు అప్పుడు తెలిసింది. అప్పటికి చెయ్యడానికేమీ లేదు.

మా ఆయన, కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుంది, ఎందుకొచ్చిన గొడవ, ఊరుకో అన్నారు. వాళ్ళబ్బాయి మంచివాడు, నలభై దాటినా తల్లి పేరెత్తితే చిన్నపిల్లాడైపోతాడు. "అమ్మ బ్రేవ్‌గా వెళ్ళిందని అందరికీ చెప్పాం అక్కా. తనే కొట్టేసింది కదా, మీరెందుకు మళ్ళీ రాయడం?" అన్నాడు.

ఎందుకంటే, దాచాలనుకుంటే ఆవిడ ఆ కాగితం పారేసి ఇంకోటి రాసేవారు. ఒక్క సన్నగీత గీసి ఎవరికి పంపారు? కొట్టేసినది చదవకపోతే చివాట్లు పెట్టి చదవడం నేర్పిన మనిషికే పంపారు. భయమే లేకుండా పోయారంటే అందులో ధైర్యమెక్కడుంది? ఆవిడకు భయమేసింది, రమ్మని రాశారు, నా ఉద్యోగం గుర్తొచ్చి కొట్టేసుకున్నారు, ఒక్కరే ఉన్నారు. అది ధైర్యం. మెసేజ్‌లో చిరునవ్వు ఇస్త్రీ.

ఇంకో సంగతి కూడా చెప్పెయ్యాలి. ఆ వాక్యం తీసేస్తే అందరికంటే సుఖపడేది నేనే. రమ్మని రాస్తే వెళ్ళనిది ఎవరు? అందుకని కూడా తియ్యను. ఆవిడ్ని శాంతమూర్తిని చేసి గోడకు తగిలించుకునేవాళ్ళు తగిలించుకోండి. నాకు తెలిసిన టీచరుగారు ఆ దండ తీసి అవతల పారేసేవారు.

ఆదివారం రమ్మన్నారు కదా, వెళ్ళాను. స్టీలు డబ్బా రెండో అరలోనే ఉంది. వాళ్ళబ్బాయి తలుపు తీసి, వెళ్ళి బల్ల దగ్గర కూర్చున్నాడు. నేను చీటీని టైపు చేసి ఉంచాను, ఆవిడ పద్ధతి ప్రకారం. సరిచూడటానికి ఇద్దరు కావాలి. అతనికి తెలుగు చదవడం రాదు, ఇక్కడే పుట్టి పెరిగాడు. అయినా వచ్చినప్పుడల్లా ఆ బల్ల దగ్గర మా ఇద్దర్నీ చూసినవాడు. నేను చీటీ ముందు పెట్టగానే మొదటి వరస మీద వేలు పెట్టాడు.

నేను గట్టిగా చదివాను. బ్రాకెట్. కొట్టివేత. భయంగా ఉంది, ఒక్కసారి వచ్చి వెళ్ళు. బ్రాకెట్ ముగిసింది. ఆఫీసు పని చూసుకో. ఆదివారం రా. నీ స్టీలు డబ్బా మా వంటింట్లో రెండో అరలో ఉంది.

అక్షరం తేడా లేదు. చదవడం అయిపోయింది. అతని వేలు మాత్రం ఇంకా ఆ గీత మీదే ఉంది.