ఆషాఢం దాకా వంటమనిషి

పెళ్ళివంటల్లో ఆడవాళ్ళకి పొయ్యి దగ్గర చోటు లేదు. కడుపునిండా తిని మూతి తుడుచుకుని వెళ్ళేవాళ్ళకి ఈ సంగతి తెలియదు. గాడిపొయ్యి ముందు నిలబడి గరిటె తిప్పేది మగవాళ్ళు. వెనకాల పట్టా పరుచుకుని కత్తిపీటల ముందు కూర్చునేది మేము. వంకాయలు తరగడం, కొబ్బరి కోరడం, చింతపండు పిసకడం, చివర్న గుండిగలు తోమడం మా వంతు. మా ఆయన పెళ్ళివంటల మాస్టరు. పులుసు మరుగుతుంటే గరిటెలో కాస్త పట్టుకొచ్చి నా అరచేతిలో పోసేవాడు. నేను నాలిక మీద వేసుకుని బెల్లం పడాలంటే వేసేవాడు, దించెయ్యమంటే దించేసేవాడు. పేరు ఆయనకి వచ్చేది. ఆయన ఉన్నన్నాళ్ళూ నాకు దాంతో పేచీ లేదు.

మాఘమాసం ముహూర్తాలు నడుస్తుండగా ఆయన పోయాడు. గుండె ఆగిపోయిందన్నారు. యూసుఫ్‌గూడలో మేమున్న గది చిన్నదే అయినా చేతిలో పని లేకపోతే అదీ పెద్దదే. ఎండలు ముదిరేసరికి అద్దె బాకీ పడి, ఇంటివాళ్ళు ఖాళీ చెయ్యమన్నారు. తణుకు నుంచి మా అన్నయ్య ఫోన్ చేసి, పిల్లని నా దగ్గరికి పంపించెయ్, నువ్వొక్కదానివైతే ఎక్కడైనా బతుకుతావు అన్నాడు. పిల్ల అప్పుడే ఏడో తరగతి పరీక్షలు రాసింది. మా వదిన చెడ్డ మనిషి కాదు. కానీ ఒకరింట్లో పెరిగే పిల్ల ఎలా పెరుగుతుందో నాకు తెలుసు, నేనూ మా మేనత్త ఇంట్లో పెరిగిందాన్నే. ఆ ఇంట్లో నా అడుగుల చప్పుడు నాకే వినపడేది కాదు. బళ్ళు తెరిచేలోగా పిల్లనీ నన్నూ ఒకచోట ఉండనిచ్చే పని దొరకాలి. నాకు కావలసింది అంతే.

వైశాఖం ముహూర్తాలు మొదలవగానే పంజాగుట్టలో కేటరింగ్ కాంట్రాక్టరు దగ్గరికి వెళ్ళాను. ఆయనా మా గోదావరి వైపు మనిషే. మా ఆయన ఆయన దగ్గరే చేసేవాడు. నన్ను చూడగానే కుర్చీ వేయించాడు, మంచినీళ్ళు తెప్పించాడు.

“కూరగాయలకి రా చెల్లెమ్మా. నిన్ను కాదంటానా?” అన్నాడు.

“కూరగాయలకి కాదండీ, పొయ్యి దగ్గరికి వస్తాను.”

నవ్వాడు. నేను నవ్వకపోయేసరికి ఆపాడు. “పెళ్ళివారు చూస్తే ఏమనుకుంటారమ్మా?”

“ఇన్నాళ్ళూ వాళ్ళు తిన్న పులుసు ఎవరి చేతిదో వాళ్ళనే అడగండి, చెబుతారేమో.”

నా నోరు నాకెప్పుడూ మేలు చెయ్యలేదు. ఆయన ముఖం మాడ్చుకుని ఫోన్ అందుకున్నాడు. ఇక లేవమని దానర్థం. మెట్లు దిగి వచ్చేశాను. కింద వాచ్‌మన్ తాత నన్ను ఎరుగును. ఏమైందని అడిగి, అంతా విని, “ఫికర్ చెయ్యకు బిడ్డా, అమీర్‌పేటకు పో. హాస్టళ్ళల్ల వండే మాస్టర్లంత పెండ్లిళ్ళకు పోయిండ్రు. ఆషాఢం పడేదాక ఒక్కడు సుత రాడు,” అన్నాడు.

ఆషాఢంలో పెళ్ళిళ్ళుండవు కదా. ముహూర్తాలు ఉన్నన్నాళ్ళు మాస్టర్లు పెళ్ళిళ్ళ వెంట తిరుగుతారు, అవి ఆగిపోగానే హాస్టళ్ళలో పాత పొయ్యిల దగ్గరికి వచ్చేస్తారు. హాస్టళ్ళకి మాత్రం ఎండాకాలంలోనే గిరాకీ. పరీక్షలు రాసిన పిల్లలంతా అప్పుడే బస్సులు దిగుతారు. ఆ రోజుల్లో అమీర్‌పేటలో గోడ అనేది కనిపించేది కాదు, అన్నీ జావా అనీ టెస్టింగ్ అనీ బోర్డులే. పిల్లని వెంటబెట్టుకుని వెళ్తే, కాగితాలు పంచే కుర్రాళ్ళు నాకూ ఒకటి ఇచ్చారు. సాఫ్ట్‌వేర్ నేర్చుకుంటే జీవితం మారిపోతుందని ఉంది దాని మీద. పిల్ల దాన్ని మడిచి విసనకర్ర చేసుకుంది.

సందు సందూ తిరిగాం. ఒకచోట మాస్టర్ కావాలి, ఆడమనిషి వద్దన్నారు. ఒకచోట నువ్వొక్కదానివైతే రా, పిల్ల వద్దన్నారు. మగపిల్లల హాస్టల్లో ఒకాయన నన్ను కింద నుంచి మీదికి చూసిన చూపుకి సమాధానం నేనే చెప్పి వచ్చేశాను. మిట్టమధ్యాహ్నం అయింది. పిల్ల దాహమంటుంటే సోడాబండి దగ్గర నిలబెట్టి, ఈ ఒక్కటీ అడిగి అన్నయ్యకి ఫోన్ చేసేద్దామనుకున్నాను. నిజంగానే అనుకున్నాను.

అది ఆడపిల్లల హాస్టల్. మూడంతస్తుల ఇరుకు బిల్డింగు. హాస్టల్ ఆయనది నల్గొండ వైపు ఊరు. బిల్డింగు ఆయనది కాదు, అద్దెకి తీసుకుని నడుపుతున్నాడు. బనియను మీద చెమటలు కక్కుతూ ఆయనే స్వయంగా పప్పు కలుపుతున్నాడు. అడుగంటిన వాసన గేటు దాకా వస్తోంది. నేను వంట చేస్తానని చెబితే గరిటె నా చేతికిచ్చి పక్కకి తప్పుకున్నాడు, అంతే. ఆ పప్పుని ఇంకో గిన్నెలోకి వంచి, మామిడికాయ ముక్కలు పడేసి, ఎండుమిర్చీ ఇంగువా కాగిన తిరగమోత పెట్టాను. అమ్మాయిలు మెట్లు దిగి వచ్చి మూత తీసి చూడటం మొదలుపెట్టారు.

“అక్కా, పాపను తోల్కొని సాయంత్రమే వచ్చెయ్యి,” అన్నాడు ఆయన. “స్టోరు రూంల పండుకోండ్రి. అయితే ఒక్క మాట. మాస్టర్ ఆషాఢంల వస్తడు. గప్పటిదాకనే.”

ఆషాఢం అంటే కొత్తకోడళ్ళని పుట్టింటికి పంపే నెలగానే నాకు తెలుసు. ఆ ఏడు అది నాకు గడువు అయి కూర్చుంది.

బియ్యం బస్తాల పక్కన చాప వేసుకుని పడుకునేవాళ్ళం. కరెంటు పోతే ఊపిరాడేది కాదు. నీళ్ళ ట్యాంకరు ఎప్పుడొస్తే అప్పుడు బిందెలు పట్టుకుని పరుగు. అయినా పొయ్యి నాది. ఎవరి అరచేతిలోనూ పోసి అడగనక్కర్లేదు, ఎవరూ నా అరచేతిలో పోసేవాళ్ళు లేరు. ముక్కలపులుసు పెట్టాను, మజ్జిగపులుసు పెట్టాను, వంకాయ కారం కూరి వండాను. అమ్మాయిలు స్టీలు పళ్ళేలతో వరసలో నిలబడి మళ్ళీ వచ్చేవాళ్ళు, మూడోసారీ వచ్చేవాళ్ళు. కరీంనగర్ నుంచి వచ్చిన ఒక బొద్దుపిల్ల, “ఆంటీ, గీ పులుసు కోసం క్లాస్ ఎగ్గొట్టి వచ్చిన,” అని నా భుజం మీద చెయ్యి వేసింది. ఆయన పోయాక నేను మొదటిసారి నవ్వింది ఆ రోజే.

నేను చేసిన పొరపాటేమిటో నాకు హాస్టల్ ఆయన చెప్పేదాకా తెలియలేదు. ఒకనాటి పొద్దున బియ్యం కడుగుతుంటే వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. పిల్ల లోపల స్టోరు రూంలో బస్తా మీద కూర్చుని ఉంది.

“అక్కా, నీ చెయ్యి మస్తుంది. గదే పరేషాన్ అయితుంది,” అన్నాడు. “మాస్టర్ ఉన్నప్పుడు బస్తా ఎన్ని దినాలు వచ్చేదో, ఇప్పుడు అండ్ల సగం వస్తలేదు. పిల్లలు మస్తు తింటున్నరు. నువ్వు పెండ్లి వంట వండుతున్నవ్. జర హాస్టల్ వంట వండు.”

“అంటే ఎలా వండాలండీ?” అన్నాను.

ఆయనకి నిజంగా సిగ్గేసింది. నేల చూపులు చూశాడు. “గింత మంచిగ వండకు. అంతే. నేను సుత అద్దె కట్టాలె గద అక్కా. ఆషాఢం దాక బస్తా సరిగ్గ చూస్కో. మాస్టర్‌ని రావద్దని చెప్త, నువ్వే ఉండు. పాపను గీ గల్లీల సర్కారు బడిల ఏద్దాం.”

ఆయన్ని తిడితే నాకు హాయిగా ఉండేది. కానీ నాకు కావలసింది ఆయన నోటితోనే వచ్చింది. పెళ్ళివంట అంటే ఒక్కపూట వంట. మళ్ళీ ఆ మనిషి మన చేతి అన్నం తింటాడో లేదో అన్నట్టు వండుతాం. రోజూ తినేవాళ్ళకి అలా వండకూడదని నాకు ఎవరూ నేర్పలేదు. ఆ రోజు నుంచి నేర్చుకున్నాను. వండటం రానివాళ్ళకి చెడగొట్టడం తేలిక, వచ్చినవాళ్ళకి అది పెద్ద చాకిరీ. తిరగమోత వేగకముందే దించెయ్యాలి. చింతపండు పులుసు తీసే చేతిని ముందే వెనక్కి లాక్కోవాలి. పప్పులో నీళ్ళు పోసేటప్పుడు అటు తిరిగి పొయ్యాలి. ఇంగువ డబ్బా మూత తీస్తే వాసనకి చెయ్యి దానంతటదే వెళ్తుందని పై అరలో పెట్టేశాను. ఉప్పు మాత్రం సరిగ్గానే వేశాను. అది తప్పించడం నా వల్ల కాలేదు.

వరసలో మూడోసారి వచ్చేవాళ్ళు పోయారు, తర్వాత రెండోసారి వచ్చేవాళ్ళు తగ్గారు. గరిటెతో దగ్గరికి వెళ్తే పళ్ళెం మీద అరచెయ్యి అడ్డం పెట్టి “చాలు ఆంటీ” అనేవాళ్ళు. విజయవాడ అమ్మాయొకతె “ఒంట్లో బాలేదా ఆంటీ?” అని అడిగింది. దాని మీద నాకు వచ్చిన కోపం ఇంతా అంతా కాదు. తిట్టినా పడి ఉండేదాన్ని, ఆ జాలి నాకు మింగుడుపడలేదు. కరీంనగర్ బొద్దుపిల్ల వేరే హాస్టల్‌కి మారిపోయింది. వెళ్ళేటప్పుడు చెప్పి వెళ్ళింది కూడాను.

నా పిల్లా ఆ అన్నమే తినేది. దానికి వేరే వండుదామని ఎన్నిసార్లో అనుకున్నాను, తలుపు లేని వంటగదిలో ఎవరి కళ్ళు కప్పగలం? అది అమ్మాయిల పక్కనే కూర్చుని, వాళ్ళలాగే అరచెయ్యి అడ్డం పెట్టేది. చిక్కిపోతోంది. ఎండలకి అనుకున్నాను. నా వంట నచ్చక అనుకుని లోపల కుమిలిపోయాను. పులుసు కోసం పుట్టినప్పటి నుంచీ పేచీ పెట్టిన పిల్ల, ఇదేంటమ్మా ఇలా ఉందని ఒక్కసారీ అడగలేదు. అడిగితే బాగుండునని ఎదురుచూశాను.

జ్యేష్ఠం చివర్లో వానలు పడ్డాయి. సందులో మోకాళ్ళ దాకా నీళ్ళు. అమావాస్య ముందు రోజు మధ్యాహ్నం హాస్టల్ ఆయన తడుచుకుంటూ వచ్చి స్టోరు రూంలోకి తొంగిచూశాడు. బస్తాలు చూసుకున్నాడు. ముఖం విప్పారింది.

“మాస్టర్‌కు ఫోన్ చేసి చెప్పిన అక్కా. రావద్దన్న. నువ్వే ఉండు,” అన్నాడు. “సోమవారం పాపను బడికి తోల్కపోదాం.”

ఆయన వెళ్ళాక కాసేపు గోడకి ఆనుకుని నిలబడ్డాను. అమ్మాయిలంతా తిని క్లాసులకి వెళ్ళిపోయారు. పై అరలో నుంచి ఇంగువ డబ్బా దించాను. చిన్న గిన్నెలో సొరకాయ ముక్కలూ ములక్కాడలూ వేసి, బెల్లం ముక్క పడేసి, పులుసు పెట్టాను. తిరగమోత వేగేదాకా నిలబడ్డాను. పిల్లని పిలిచి పళ్ళెం ముందు కూర్చోబెట్టాను. కలుపుకుని ఒక్కో ముద్దా మెల్లగా తింది, వేళ్ళు నాకింది. నాకు ప్రాణం లేచివచ్చింది. గరిటెడు అన్నం తీసుకుని మళ్ళీ వెళ్ళాను.

పళ్ళెం మీద అరచెయ్యి అడ్డం పెట్టింది.

“ఏంటే, బాలేదా?”

“చాలా బాగుందమ్మా.”

“మరి పెట్టించుకో.”

“బస్తా సరిగ్గా వస్తేనే మనల్ని ఉండనిస్తానన్నారు కదా ఆయన. ఆ రోజు నేను లోపలే ఉన్నాను,” అంది.

అంటే ఇన్నాళ్ళూ అది తినలేక కాదు, తినకుండా ఉంది. “ఉండమన్నారే ఇప్పుడే. అయిపోయింది. ఇక నీ ఇష్టం వచ్చినంత తిను,” అన్నాను.

అది నా ముఖంలోకి చూసింది. దానికి నా కన్నా లెక్క బాగా వచ్చు.

“వచ్చే నెలా చూస్తారు కదమ్మా,” అంది.

చెయ్యి తియ్యలేదు. గరిటెలో అన్నం మళ్ళీ గుండిగలో వేసేశాను.