కొసరు రొయ్యలు

ప్రాణమున్న సరుకుకు కొసరు రాబట్టిన మొనగాణ్ణి తార్నాక మొత్తానికి నేనొక్కణ్ణే. ఆ ఘనకార్యం ఎంత చక్కగా మునిగిందో చెబుతాను, కాస్త తీరిగ్గా కూర్చోండి.

తొంభైల్లో మాట. మాది కిరాణా దుకాణం. నేను యూనివర్సిటీలో ఎమ్మే. హాస్టల్లో ఉండే నా మిత్రుడు మల్లేశ్ దగ్గరికి ఓ ఆదివారం ఊరినుంచి వాళ్ల బావ వచ్చాడు. వస్తూనే నా ఎదుటే ఎత్తిపొడిచాడు.

"పట్నం నీళ్లు తాగినంక గాలం ఎయ్యుడు మర్సినవా బామ్మర్దీ?"

మల్లేశ్ మొహం మాడిపోయింది. "ఇయ్యాల క్యాంపస్ కుంటల కొర్రమట్టను పట్టకుంటే నా పేరు మల్లేశే కాదు బావా!" నా చెవిలో మాత్రం, "కదిలే ఎరనైతెనే కొర్రమట్ట ముడ్తది. బతికున్న రొయ్యలు తేరా, నీకు బేరం వస్తది గద" అన్నాడు.

బేరం రావడమా! నేను ఉయ్యాలకంటే ముందు తక్కెడ ఎక్కినవాణ్ణి.

సీతాఫల్‌మండి అంగట్లో చెరువు రొయ్యలమ్మే అవ్వ నేనిచ్చిన డబ్బుకు ఇరవై రొయ్యలు ఇస్తానంది.

"కొసరు?"

"ప్రాణమున్నయి బిడ్డా! బకెట్ల ఇరవై మించితే ఊపిరాడక సస్తయి. మీద తడి గోనె కప్పు, గాలాడాలె."

"కొసరు లేకుంటే పక్కకు పోత అవ్వా."

"తీస్కపో, నాదేం పోయింది!"

అరగంటకల్లా బకెట్లో కొసరుతో కలిపి అరవై రొయ్యలు, పండగనాటి సిటీబస్సులా.

దారిలో మా దుకాణం దగ్గర ఆగాను. అక్కడ నా జ్ఞానం నిద్రలేచింది. గాలి తగిలితే సరుకు పాడవుతుంది కదా, మూత బిగించాను. ఉప్పు వేస్తే చింతపండే రెండేళ్లు నిలుస్తుంది, రొయ్య రెండు గంటలు నిలవదా? రెండు గుప్పిళ్లు వేశాను.

కుంట గట్టున మూత తీశాం. బావ తొంగిచూశాడు.

"ఏంది, పండుకున్నయా?"

"ఎండకు... జరంత సుస్తీ చేసినట్టున్నది" అన్నాను.

మల్లేశ్ వేలు ముంచి నాలుకకు రాసుకున్నాడు. "గిదేందిరా?"

"ఉప్పు. ఖరాబు కాకుండ."

"చెరువు రొయ్యలురా! మంచినీళ్లల్ల బతికేటియి!"

అయినా గాలం వేశాడు, పాపం. పొద్దుగూకే వేళకు ఒకే ఒక్క కొర్రమట్ట ఎరదాకా వచ్చి, తోకతో మా మొహాన నీళ్లు కొట్టి పోయింది.

బావ పొట్ట పట్టుకుని నవ్వాడు. "నువ్వేం జేస్తవ్ బామ్మర్దీ, నీ చెయ్యి మంచిదే. ఈ కిరాణం సేటే రొయ్యలకు ఊరగాయ వెట్టిండు!" ఊళ్లోనూ ఇంటింటికీ అదే చెప్పాడట.

ఆ గట్టు మీదే దోసిట నీళ్లు పట్టి ప్రమాణం చేశాను: ఇకమీదట ఊపిరున్న దేనికీ కొసరు అడగను, దాని ఛాయలకు ఉప్పు రానివ్వను.

ఇక నిఖార్సైన లెక్క. రొయ్యలు అరవై, అరవైకి అరవై పోయాయి. చేపలు సున్నా. మల్లేశ్ పరువు చెక్కుచెదరకుండా దక్కింది. దాని ఖరీదు నా పరువుతో కట్టాను.