టైలరమ్మ తిప్పమన్న రెండో నాబు

మంగళవారం పొద్దున పదకొండు లోపే ఇద్దరు టైలరమ్మ గుమ్మం ముందు బెల్లు కొట్టి కొట్టి వెళ్లిపోయారు. ఆమె లోపలే ఉంది, మిషను ముందు జాకెట్టు చేతులు కుడుతూ. వెళ్లినవాళ్లలో ఒకాయన బడి గుమాస్తా. అమ్మాయిల యూనిఫాం స్కర్టులు ఏటా ఆమే కుడుతుంది. ఆయన ఉత్తచేతులతో తిరిగిపోవడం అది రెండోసారి. తలుపు కింద నుంచి చీటీ తోశాడు: శనివారం పదింటికి వస్తాను, అప్పుడూ తియ్యకపోతే వేరేవాళ్లకు ఇచ్చేస్తాం.

టైలరమ్మకు అరవై ఎనిమిదేళ్లు. మిషను ఆపెయ్యమని కూతురు పోరుతూనే ఉంది. చీటీ చూశాక ఆ పోరుకు బలమొచ్చింది.

అల్లుడు ఎలక్ట్రీషియన్. "నేనున్నానుగా అత్తయ్యా" అంటూ బుధవారం కొత్త బెల్లు బిగించాడు. లాభం లేదు. గురువారం దానికి రెట్టింపు మోత చేసేది తెచ్చాడు. నొక్కగానే కింది ఇంటాయన మెట్లెక్కి పరుగెత్తుకొచ్చాడు, "ఎక్కడయ్యా మంటలు?" అంటూ. టైలరమ్మ దారం కొరికి, "కొట్టవేం నాయనా, ఎంతసేపు?" అంది.

"కొట్టి నా వేలు నొప్పెట్టింది! మీకు చెవుడత్తయ్యా."

"చెవుడైతే నీ గొణుగుడెలా వినిపిస్తోంది? నిన్న తలుపవతల నా గురించి ఏమన్నావో చెప్పనా?"

అల్లుడు నాలిక కరుచుకున్నాడు. అతనిది బొంగురు గొంతు. అది గోడ దాటి వచ్చినా ఆమెకు వినిపిస్తుంది. మనవరాలి కీచు గొంతే, పక్కన నిలబడి అరిచినా సరిగ్గా అందదు.

"అసలీ బెల్లులో ఏం మార్చావు?"

అతను సుద్దముక్కతో గుడ్డ మీద అల గీశాడు. "శబ్దమంటే గాలిలో వణుకు. వణుకు పెద్దదైతే మోత పెరుగుతుంది. ఈ అల ఎత్తు పెంచాను, అంతే."

"ఇది జిగ్‌జాగ్ కుట్టు కదయ్యా!" టైలరమ్మ పేలికొకటి సూది కింద పెట్టి, మిషను మీద కుట్టు వెడల్పు మార్చే నాబు చివరిదాకా తిప్పి కుట్టింది. "నువ్వు చేసింది ఇదీ. కుట్టు వెడల్పయింది. కానీ కుట్టుకీ కుట్టుకీ దూరం మారలేదు. దానికి రెండో నాబుంది. అది తిప్పావా?"

అల్లుడు పేలిక అందుకుని కుట్ల మీద వేలు పోనిచ్చాడు. "కుట్లు దగ్గర దగ్గరగా పడితే సెకనుకు వణుకులు ఎక్కువ, అది కీచు. ఎడంగా పడితే బొంగురు... వయసు మీద పడితే ముందు అందకుండా పోయేవి కీచు శబ్దాలేనత్తయ్యా. మీకు వినిపించనిదాన్నే పట్టుకుని పెద్దది చేస్తూ వచ్చాను."

"అయితే దూరం పెంచు. నీ గొంతులా మోటుగా మోగాలి."

శుక్రవారం మూడో బెల్లు వచ్చింది. మోత రెండోదానిలో సగం కూడా లేదు. కింది ఇంటాయన పైకి రాలేదు.

శనివారం పదికి ఐదు నిమిషాల ముందు గుమ్మంలో 'బుర్ర్' మంది. టైలరమ్మ పెడల్ మీంచి కాలు తీసి లేచింది. గుమాస్తా రెండోసారి నొక్కబోతుంటే తలుపు తెరుచుకుంది.

"ఇంట్లోనే ఉన్నారే!"

"ఎక్కడికి పోతానయ్యా? కూర్చో. ఈసారి ఎన్ని?"

"అరవై నాలుగు. నెలాఖరుకి కావాలి."

సోమవారం టేపు మెడలో వేసుకుని కొలతలకు బడికి వెళ్లింది.