గాలిమరల మీద మా అమ్మ అన్న మాట

పొద్దున కాఫీ తాగి ఫోను చేతిలోకి తీసుకుంటే మా ఊరి గ్రూపులో పెద్ద రగడ నడుస్తోంది. పక్క ఊరి బీళ్ళలో పరిచిన సోలారు పలకల వేడికి మబ్బులు చెదిరిపోతున్నాయనీ, ఈసారి తొలకరి ముంగారు వానలు మొహం చాటేసింది అందుకేననీ, ఎవరో ఎక్కడినుంచో వచ్చిన సందేశాన్ని తెచ్చి మా మధ్య పడేశారు. కింద ఒకడు రుజువేదని అడిగాడు, ఇంకొకడు కంపెనీ నీకెంత ముట్టజెప్పిందని వాణ్ణి అడిగాడు, మూడోవాడు రైతు గోడు వినని చదువులెందుకన్నాడు, ఈ గోలలో ఎవరో ఎప్పటిలాగే శుభోదయం అంటూ గులాబీ పువ్వు పెట్టిపోయారు. కళ్ళద్దాలు పెట్టుకుని మొదటినుంచీ చివరిదాకా చదివాను. కోపం రాలేదు, నవ్వూ రాలేదు, అలసట వచ్చింది. ఈ తగువు నాకు కొత్త కాదు. ఇంచుమించు ఇవే మాటలతో, ఫోన్లు ఇంత తెలివి మీరకముందే, మా ఇంటిమీదుగా ఒకసారి పోయింది.

నా ఈడువాళ్ళకు గుర్తుండే ఉంటుంది, అనంతపురంలో ఒకప్పుడు వీధికొక టైపు ఇన్‌స్టిట్యూట్ ఉండేది. నాకూ ఒకటుండేది. రెండువేల సంవత్సరం దాటాక టైపు నేర్చుకునే పిల్లలు తగ్గిపోయి మిషన్ల మీద దుమ్ము పేరుకుంటుంటే, వాటిని మూలకు నెట్టి, పాత కంప్యూటర్లు కొన్ని తెచ్చి, ప్లైవుడ్డు చెక్కలతో చిన్న చిన్న గదులు కట్టించి, నెట్ సెంటరని బోర్డు మార్చాను. ఫోను లైనుకు తగిలించిన డబ్బా కీచుకీచుమని అరిచి అరిచి ఎప్పటికో కలిసేది, కలిసిందని సంబరపడేలోగా కరెంటు పోయేది. పిల్లలు పరీక్షల ఫలితాల కోసం వచ్చే రోజుల్లో తప్ప పెద్దగా రద్దీ ఉండేది కాదు కాబట్టి, కుర్చీలో కూర్చుని నేను చేసే ముఖ్యమైన పని మా జిల్లావాళ్ళ ఈమెయిల్ గ్రూపు చదవడం.

కరువుకు తాళలేక బెంగుళూరుకూ హైదరాబాదుకూ, అంతకంటే దూరాలకూ చేరిన చదువుకున్నవాళ్ళు పెట్టుకున్న గ్రూపు అది. సగం ఇంగ్లీషు, సగం ఇంగ్లీషు అక్షరాల్లో రాసిన తెలుగు. అక్కడ వాళ్ళు చెరువుల గురించీ, బోర్ల గురించీ, బొరుగుల ఉగ్గాని ఏ ఊళ్ళో బాగుంటుందన్నదాని గురించీ గంటలకొద్దీ వాదించుకునేవారు. మా అక్క మొగుడు, అంటే మా బావ, బెంగుళూరులో కంప్యూటర్ కంపెనీలో పనిచేస్తూ ఆ గ్రూపులో తరచూ రాసేవాడు. చమత్కారంగా రాస్తాడని పేరు కూడా ఉండేది.

మా ఊరు బెళుగుప్ప దాటి లోపలికి పోవాలి. ఊరి పడమటి గుట్టమీద మా అన్నకు కొంత రాళ్ళచేను ఉండేది, చెనక్కాయ విత్తనం కూడా తిరిగి రాని నేల. గాలిమరల కంపెనీవాళ్ళు వచ్చి అడిగితే అన్న అది ఇచ్చేశాడు. తొలిమర లేచి నిలబడి రెక్కలు తిప్పిన రోజు ఊరంతా తిరునాళ్ళకు పోయినట్టు పోయి చూసింది. ఆ ఏడు వాన రాలేదు. అంతకుముందు ఏడూ రాలేదు, దానికి ముందూ అంతంతమాత్రమే, కానీ ఆ ఏళ్ళలో గుట్టమీద వేలెత్తి చూపించడానికి ఏమీ లేదు కదా.

మా అమ్మకు సాయంత్రాలు వాకిట్లో కూర్చుని పడమటి మబ్బులను చూసి ఏదో ఒకటి అనడం అలవాటు. ఫలానా మబ్బు అత్తగారింటికి పోయే కోడలిలా వెనక్కి తిరిగి చూస్తోందనీ, ఫలానాది మన ఊరంటేనే ముక్కు చిట్లించుకుందనీ చెబుతూ ఉండేది. అలాగే ఒకనాడు, బావా అక్కా వచ్చి ఉన్నప్పుడు, అన్నను ఉడికించడానికి, నీ రెక్కలు మబ్బును కొడవలితో కోసినట్టు కోసి కర్ణాటకలో పారేస్తున్నాయిరా అంది. అందరం నవ్వాం, అన్న కూడా నవ్వాడు. బావకు ఆ మాట ఎంత నచ్చిందంటే, బెంగుళూరు పోగానే, మా పల్లెల్లో ఇలా అనుకుంటున్నారని దాన్ని గ్రూపులో పెట్టాడు.

ఇక చూడండి. వ్యవసాయం చదివిన ఒకాయన ఇది మూఢనమ్మకమని కొట్టిపారేశాడు. పేదవాడి మాటను మూఢనమ్మకం అనడానికి నువ్వెవరని ఇంకొకాయన లేచాడు. ఊరిని అడగకుండా ఊరి గుట్టమీద ఇంత పెద్ద యంత్రం నిలబెట్టడం న్యాయమా అని మరొకరు అడిగారు, అది అసలైన ప్రశ్న. గుట్టమీదికి బాట వేశాక కంపెనీవాళ్ళు గొర్రెల మేతకు అడ్డుపడ్డారు, మా ఊళ్ళో నిజమైన నష్టం అదే, కానీ మబ్బుల ముందు గొర్రెల సంగతి ఎవరికి కావాలి? దూరదేశంలో ఉన్న ఒకాయన తానూ ఇలాంటిదేదో విన్నట్టు గుర్తని రాశాడు. ఆ తర్వాతి మనిషి దాన్ని విదేశాల్లో కూడా గమనించారని రాశాడు. వారం తిరక్కముందే అది విదేశీ శాస్త్రజ్ఞులు తేల్చిన విషయమైపోయింది. నేను కుర్చీలో కూర్చుని ఒక్కొక్క మెట్టూ ఎక్కుతున్న మా అమ్మ మాటను చూసి నవ్వుకుంటూ ఉన్నాను.

బెంగుళూరులో పనికిపోయిన మా ఊరి కుర్రవాళ్ళ చెవిన అది పడింది. వాళ్ళు ఎస్టీడీ బూత్ నుంచి ఊరికి ఫోను చేసి కంప్యూటర్లో వచ్చిందని చెప్పారు. అప్పటిదాకా పొలాల్లో గొణుక్కున్నవాళ్ళు గొంతు పెంచారు. కొత్త రెక్కలు మోసుకొచ్చిన పొడవాటి లారీలకు అడ్డంగా ఆడా మగా రోడ్డుమీద కూర్చున్నారు. అన్నతో మాటలు తగ్గించారు. ఆ తర్వాత వరదపాశం చాటింపు వేశారు.

వరదపాశం ఎరగనివాళ్ళ కోసం చెబుతాను. వాన పూర్తిగా మొండికేసినప్పుడు ఇంటింటా బియ్యమూ బెల్లమూ అడిగి తెచ్చి, ఊరి బయట బండ దగ్గర పాయసం వండి, కడిగిన బండమీద పోస్తారు. ఊళ్ళోవాళ్ళంతా చేతులు వెనక్కి పెట్టుకుని, మోకాళ్ళమీద వంగి, గొడ్ల మాదిరి నాలుకతో నాకుతారు. మనుషులు ఇంత దిగజారారని దేవుడు జాలిపడి వానిస్తాడని నమ్మకం. అందులో అన్ని ఇళ్ళ గింజలూ కలవాలి. ఏ ఇంటి గింజ కలవలేదో ఆ ఇల్లు ఊరిది కాదన్నట్టే. మా అన్న ఇంటి గింజ తీసుకోవాలా వద్దా అన్నది చావిడిలో తేలలేదు. మా మామ, అంటే అమ్మకు వరసకు తమ్ముడు, ఊళ్ళో ఆయన మాటే చివరిమాట, తొందరపడి ఒక ఇంటిని వెలివేయకూడదు, ముందు ఆ కంప్యూటర్లో ఏముందో కళ్ళారా చూద్దామన్నాడు. ఇప్పుడు తలుచుకుంటే ఆయనమీద గౌరవమే కలుగుతుంది. ఆ రోజుల్లో ఒక పుకారు నిజమో కాదో తెలుసుకోవడానికి బస్సెక్కి జిల్లా కేంద్రానికి వచ్చిన మనిషి ఇంకెవరైనా ఉన్నారా అన్నది అనుమానమే.

తలగుడ్డలు తీసి ఒళ్ళో పెట్టుకుని ఆయనా ఇంకో ఇద్దరు పెద్దలూ నా సెంటరులో కూర్చున్నారు. అడిగింది అడిగినట్టు అన్నీ చదివి తెలుగులో చెప్పాను. చివర, ఇదంతా మా అమ్మ మాటేననీ, నవ్వులాటకు అన్నదాన్ని బావ రాశాడనీ, అదే చుట్టూ తిరిగి మన ఊరికి వచ్చిందనీ చెప్పాను. మామ తెరకేసి వేలు చూపించాడు.

"ఊర్లో దినామూ నూరుమంది నూరు మాటలంటాం. అన్నీ దీంట్లోకి ఎక్కుతాండాయా అప్పా? నిజం ఉండబట్టే కదా ఇదొక్కటి ఎక్కినాది" అన్నాడు.

ఇన్నేళ్ళు ఆలోచించినా దానికి సరైన జవాబు నాకు దొరకలేదు.

వాళ్ళ వెనకే నేనూ ఊరికి పోయి అమ్మకు చెప్పాను. కొంగు భుజాన వేసుకుని నేరుగా చావిడికి నడిచింది, ఆడవాళ్ళు ఎక్కని చావిడి అది. మెట్ల కింద నిలబడి, అందరికీ వినబడేటట్టు అంది.

"ఆ మాట పుట్టింది నా నోట్లోనే తమ్ముడా. నా కొడుకును ఉడికిద్దామని అన్నా. మబ్బుల సంగతి నాకేం తెలుసు?"

మామ తలెత్తలేదు. "కొడుకు కోసం ఎన్నయినా చెప్తావులే అక్కా" అన్నాడు.

తన నోటినుంచి వచ్చిన మాటను తనదని చెప్పుకోవడానికి మా అమ్మకు హక్కు లేకపోయింది. వదిన చేటలో పెట్టిన బియ్యం వాకిట్లోనే ఉండిపోయింది, అడగడానికి వచ్చినవాళ్ళు మా గడప ముందునుంచే పక్కింటికి పోయారు.

ఆ రోజు ఊరంతా బండ దగ్గరికి పోయాక, అన్న ఆ బియ్యమూ బెల్లమూ గిన్నే పట్టుకుని మా చేనివైపు నడిచాడు. మేమంతా వెనకాల పోయాం. చేని మధ్య ఉన్న చిన్న బండను కడిగి, వదిన వండిన పాయసాన్ని దానిమీద పోసి, అన్న చేతులు వెనక్కి పెట్టుకుని వంగాడు. తర్వాత వదిన, తర్వాత నేను. మోకాళ్ళు సహకరించకపోయినా అమ్మ కూడా వంగింది. ఎండకు కాలిన రాయి, అంటుకునే బెల్లం, నాలుకకు తగిలే ఇసుక. అవతల పెద్దబండ దగ్గర మా ఊరివాళ్ళ తప్పెట్లు వినిపిస్తూనే ఉన్నాయి. నాకు ఏడుపొచ్చింది. అన్న మొహం తుడుచుకుంటూ, వానొస్తే అందరి చేలోనూ పడుతుందిలే అన్నాడు.

వాన పడింది. మరీ గొప్పది కాదు, విత్తనం వేసుకునే పదును. వరదపాశం ఫలించిందని ఊరు సంబరపడింది. గాలిమరల మాటేమిటని ఎవరైనా అడిగితే, ఆ దినాల్లో అవి మరమ్మతుకని నిలిపేశారని జవాబు సిద్ధంగా ఉంది. అవి వానలో తిరుగుతూనే ఉండటం అన్న చూశాడు, నేనూ చూశాను. చెప్పినా వినేవాళ్ళు లేరని ఊరుకున్నాం. తర్వాతి ఏళ్ళలో ఇంకొందరు తమ గుట్టచేలు కంపెనీకి ఇచ్చారు, అందులో మామ చేను కూడా ఉంది. మాటలు మెల్లగా కలిశాయి. తప్పయిందని ఎవరూ అనలేదు. అన్న మాత్రం ఆ తర్వాత ఊరి పంక్తిలో ఎక్కడా భోజనానికి కూర్చోలేదు. పెళ్ళికి పోయినా అక్షింతలు వేసి వచ్చేసేవాడు. బావ గ్రూపులో రాయడం మానేశాడు. కొన్నాళ్ళకు గ్రూపే చప్పబడింది, నా సెంటరూ మూతపడింది.

అమ్మ పోయాక పెద్దకర్మకు ఊరంతా వచ్చింది. భోజనాలకు లేస్తుంటే మామ నా భుజంమీద చెయ్యి వేసి పక్కకు తీసుకుపోయాడు. బాగా ముసలివాడైపోయాడు, కర్ర లేకుండా నడవలేడు.

"ఆ పొద్దు చావిడికాడ అక్క చెప్పింది నిజమేనా అల్లుడా?" అని అడిగాడు.

నిజమే మామా అన్నాను.

"నాకు ఆ పొద్దే అట్ల అనిపించినాది. ఊరంతా ఒగ పక్కుంటే ఏమని చెప్పేది" అన్నాడు.

కర్ర తాటించుకుంటూ పోయి, వడ్డన చూస్తూ నిలబడిన మా అన్న చెయ్యి పట్టుకుని పంక్తిలో తన పక్కన కూర్చోబెట్టుకున్నాడు. అన్న కాదనలేదు. వాళ్ళిద్దరూ తిని కలిసే లేచారు.

మామ కూడా ఇప్పుడు లేడు. పొద్దున ఆ గొడవంతా చదివాక నాకు ఆయనే గుర్తొచ్చాడు. అప్పటి మనుషులు పుకార్లు నమ్మలేదని నేను అనను, నమ్మారు, మా ఇంటికి ద్రోహమే చేశారు. కానీ ఆ ద్రోహానికి ఒక మొహం ఉండేది, అది రోజూ మా వాకిలి ముందునుంచే పోయేది, ఎప్పటికైనా ఎదురుపడక తప్పేది కాదు. ఈ పొద్దు ఫోన్లలో ఒకరినొకరు తిట్టుకున్నవాళ్ళకు రేపు బాధ కలగదని కాదు, కలుగుతుంది. పోయి ఎవరి పక్కన కూర్చోవాలో వాళ్ళకు తెలియదు, అంతే.