నాయనమ్మ మరచిపోవాలని మొక్కుకున్న రోజు

పోయిన వారం మా ఆయనను సిద్దిపేటలో పెద్దాసుపత్రికి తీసుకుపోయాం. రెండేళ్లుగా ఆయనకు మతిమరుపు ముదిరింది. గదిలోకి పోగానే మా పెద్దవాడు అలవాటు ప్రకారం కాగితాలు విప్పి చెప్పడం మొదలుపెట్టబోతుంటే, నా మనవరాలి ఈడున్న ఆ డాక్టరమ్మ వాడిని చేత్తో ఆపి, నావైపు తిరిగి, ఇంట్లో చూసుకునేది మీరే కదా, మీరే చెప్పండి అన్నది. అంతే! చెప్పాల్సింది వదిలేసి ఆ పిల్ల ముఖమే చూస్తూ కూర్చున్నాను. నా ఈడువాళ్లను అడుగుతున్నాను, మన చిన్నతనంలో ఏ డాక్టరైనా ఒక ఆడమనిషిని ఇట్లా అడగడం చూశారా? నేను చూశాను. ఒక్కసారే చూశాను, అడిగించుకున్నది మా అమ్మ. ఆ ముచ్చట ఎవరికైనా చెబితే తప్ప నా మనసు కుదురుకునేట్టు లేదు.

అప్పుడింకా నైజాం రాజ్యమే. నాకు ఎనిమిదేళ్లుంటాయేమో. ఈ సిద్దిపేటలోనే, కోమటి చెరువు అవతల మా ఇల్లు. బాపు తెల్లవారకముందే కల్లుకు తాటిచెట్లు గీయడానికి పోతే మళ్లీ పొద్దుగూకే వేళకే ఇంటికి చేరేవాడు. పగలంతా నాయనమ్మను చూసుకునేది అమ్మే. నాయనమ్మ ఒకప్పుడు వాడకట్టు మొత్తాన్ని నోటితో నడిపించిన మనిషి, అట్లాంటిది మతి తప్పి, ఎప్పుడో పోయిన తన తల్లిని వెతుక్కుంటూ చెరువుగట్టు పట్టి పోయేది, నన్ను చూసి ఎవరి పిల్లవే అనేది. ఇవన్నీ ఒక ఎత్తు, అన్నం సంగతి ఒక్కటీ ఒక ఎత్తు. కడుపు నిండా తిని, చెయ్యి కడుక్కుని, ఆ తడి ఆరకముందే అరుగు మీద కూర్చుని, దారిన పోయే ప్రతివాళ్లకూ తన కోడలు తిండి పెట్టడం లేదని చెప్పుకుని ఏడ్చేది. నిజంగానే కన్నీళ్లు కారేవి, పాపం, ఆమె అబద్ధమాడేది కాదు. విన్నవాళ్లు మాత్రం అమ్మ ముఖాన ఉమ్మేసినంత పని చేసేవాళ్లు.

నాయనమ్మ తమ్ముడు, నాకు తాత వరస, కులంలో పెద్దమనిషి. అక్క ఏడుపు చూసి ఆయన రక్తం ఉడికిపోయింది. దవాఖానలో చూపించమన్నాడు, డాక్టరు గనక ఈ ముసలామె ఆకలికే చిక్కిపోతున్నదని అంటే, పంచాయితీ పెట్టి కోడలిని పుట్టింటికి తోలిస్తానన్నాడు. నన్ను, బాపును విడిచి అమ్మ పోవాలట! బాపు ఎదురు చెప్పలేకపోయాడు. ఆ పిరికితనానికి నేను ఆయనను చాలా ఏళ్లు క్షమించలేదు, అది కూడా చెప్పేస్తున్నాను.

దవాఖానలో డాక్టరు సాబు ఉర్దూ మాట్లాడేవాడు, మంచివాడే కానీ తొందర మనిషి. ఆయన అడిగింది బాపును. బాపు తనకు తెలిసినంతే, అంటే సాయంత్రం ఇంటికి రాగానే తల్లి చెప్పుకునేదే చెప్పాడు, తిండి సరిగ్గా పడటం లేదని. అమ్మ ముసుగు వేసుకుని గోడవారగా నిలబడింది. ఇంక మా నాయనమ్మ! డాక్టరు ముందు కూర్చోగానే ఎక్కడ లేని తెలివీ వచ్చేసింది. తన పేరు, ఊరి పేరు, కొడుకుల పేర్లు గడగడా చెప్పి, డాక్టరు సాబు తల్లి ఎంత పుణ్యాత్మురాలో అని మెచ్చుకుని, చివరకు కడుపు మీద చెయ్యి వేసుకుని కళ్లు తుడుచుకుంది. ఆయన అమ్మవైపు ఉరిమి చూసి, "బుడ్డీకో ఖానా దేవ్" అన్నాడు. ముసలమ్మకు తిండి పెట్టండి అని! ఒక సీసాడు ఎర్రమందు ఇచ్చి పంపేశాడు. తాతకు కావలసింది దొరికింది.

బయట మెట్ల దగ్గర అమ్మ కూలబడిపోతే అక్కడి నర్సమ్మ వచ్చి పక్కన కూర్చుంది. ఆమె మన పల్లెల మనిషే, కిరస్తానీ ఇంటి పిల్ల. "మీ ఆయన చెప్పింది విన్న. నువ్వేమంటవ్ చెల్లె?" అన్నది. అమ్మను ఆ మాట అప్పటిదాకా ఒక్కరూ అడగలేదు. కట్ట తెగినట్టు అమ్మ అంతా చెప్పేసింది. నర్సమ్మ అంతా విని, సాబు చూసిందే నమ్ముతాడని చెప్పి, "బేస్తారం నాడు అన్నం కట్టుకొని రా. గీడనే తినిపియ్యి, సాబు కండ్ల ముందట" అన్నది. తాతను కూడా తోలుకుని రమ్మన్నది, ఎంత ధైర్యమో చూడండి!

ఆ బేస్తారం, అంటే గురువారం నాడు నాకు కాళ్లు నేల మీద ఆనలేదు. జొన్నరొట్టెలు, తోటకూర పప్పు, అన్నం, పచ్చిపులుసు కట్టుకుని, తాతను, బాపును వెంటబెట్టుకుని బండి కట్టించుకుని పోయాం. దవాఖాన వరండాలో విస్తరి వేసింది అమ్మ. కట్లు కట్టించుకోవడానికి, మందు పోయించుకోవడానికి వచ్చిన జనమంతా చుట్టూ చేరారు. నర్సమ్మ ఏమని చెప్పిందో ఏమో, సాబు కుర్చీ గుమ్మంలోకి లాక్కుని కూర్చున్నాడు. నాయనమ్మ రాజుల ఇంటి పెళ్లిలో కూర్చున్నట్టు కూర్చుని మూడు రొట్టెలు తిన్నది, అన్నం తిన్నది, పచ్చిపులుసు దొప్పతో తాగింది. చెయ్యి కడుక్కుంది. బ్రేవుమని తేన్చి, "నా కోడలు చేతిల అమృతమున్నది" అన్నది!

చచ్చాంరా దేవుడా అనుకున్నాను. రోజూ తిట్టే మనిషి ఇవాళే మెచ్చుకోవాలా? ఇట్లా అయితే ఆమె మతిమరుపు సాబుకు ఎట్లా తెలుస్తుంది? అమ్మ ముసుగు ఇంకా కిందికి లాక్కుంది. తాత లేచి తలగుడ్డ దులుపుకుంటున్నాడు. సాబు గడియారం చూసుకున్నాడు. నేను కళ్లు గట్టిగా మూసుకుని, నాయనమ్మ తిన్నదంతా మరచిపోవాలని ఊళ్లో ఉన్న దేవుళ్లందరికీ మొక్కాను. సొంత నాయనమ్మకు మతి పోవాలని మొక్కుకున్న మనవరాలిని నేనొక్కదాన్నేనేమో!

ఇంతలో నాయనమ్మ తాతను అప్పుడే చూసినట్టు చూసింది. "ఎప్పుడొచ్చినవ్ తమ్మీ? నిన్నటి సంది మెతుకు ముట్టలేరా. నా కోడలు కడుపు మాడుస్తున్నది" అని బావురుమన్నది.

వరండా అంతా గొల్లుమన్నది. కట్టు కట్టించుకుంటున్న ముసలాయన కూడా నవ్వు ఆపుకోలేక మూలిగాడు. నేనైతే గంతులే వేశాను. అమ్మ, డాక్టరు సాబు మాత్రం నవ్వలేదు. ఆయన కుర్చీలోంచి లేచి, ఏదో చెప్పబోయిన బాపును పక్కకు జరగమని, ముసుగులో వెక్కుతున్న అమ్మ ముందుకు వచ్చి, వచ్చీరాని తెలుగులో, "తప్పు నాది అమ్మా. ఇయ్యాల్టి సంది నువ్వే చెప్పాలె, నేను వింట" అన్నాడు. ఎన్నిసార్లు తింటుంది, ఎప్పుడు నిద్రపోతుంది, ఏ వేళకు బయటికి పోతానంటుంది, అన్నీ అమ్మనే అడిగాడు. అమ్మ మొదట నర్సమ్మ చెవిలో, తరువాత తిన్నగా ఆయనకే చెప్పింది. ఇది వయసుతో వచ్చే జబ్బని, మందు లేదని, ఆమెతో వాదించక మళ్లీ ఇంత చేతిలో పెట్టమని చెప్పాడాయన. తాత ఖాళీ గిన్నెలు తానే మోసుకొచ్చి బండిలో పెట్టాడు.

పంచాయితీ మాట మళ్లీ ఎత్తలేదు. ఎత్తేందుకు జనం ఊరుకుంటేగా! వరండాలో చూసినవాళ్లు సంత దాకా, బావుల దాకా ఆ కథ మోశారు. నాయనమ్మ అరుగు మీద ఏడిస్తే, దారిన పోయేవాళ్లే, తిన్నవులే అవ్వా, మేం చూసినం అని సముదాయించి పోయేవాళ్లు. అమ్మ తలెత్తుకుని నీళ్లకు పోయింది.

ఇప్పుడు ఆ జబ్బుకు పేరుంది, మాత్రలున్నాయి, మెదడుకు ఫొటోలు తీస్తున్నారు. తలుపు వేసి, నన్ను కూర్చోబెట్టి, నేను చెప్పిందంతా రాసుకున్నది ఆ డాక్టరమ్మ; చల్లగా ఉండాలి ఆ తల్లి. మా ఇంటి పక్క వాటాలో ఎవరుంటారో నాకు తెలియదు, నేనెవరో వాళ్లకు తెలియదు. మొన్న సాయంత్రం మా ఆయన భోజనం చేసి, ఫోనులో తన చెల్లెలితో రెండు రోజులుగా పస్తులున్నానని చెప్పారు. ఆమె ఫోను నాకిమ్మని, "వదినా, అన్నకు ఇంత అన్నం పెట్టరాదా" అని ఏడ్చింది. డాక్టరమ్మ రాసిన కాగితం నా చేతిలోనే ఉంది. ఆ వరండాను, ఆ జనాన్ని నేనెక్కడినుంచి తెచ్చి మా ఆడబిడ్డకు చూపను?