నేను గీయని గడి

ఆ ఆదివారం మా అమ్మాయి రమ్య ఫోన్‌లో అంకెలు చెబుతూ తడబడింది. జబ్బుకి మొదటి గుర్తు అదే.

రమ్య అమెరికా ఆర్మీలో చేరి అప్పటికి మూడేళ్లు. అఫ్ఘానిస్తాన్ కొండల్లోకి వెళ్లబోయే ముందు వాళ్ల యూనిట్‌కి కొలరాడోలో తొమ్మిది వేల అడుగుల ఎత్తున శిక్షణ ఇచ్చారు. మేం మిషిగన్‌లో, ట్రాయ్‌లో ఉంటాం. రమ్యకి తెలుగు అంతంతమాత్రం. అంకెలు మాత్రం చిన్నప్పుడే నా దగ్గర నేర్చుకుంది. ప్రతి ఆదివారం ఆక్సిజన్, పల్స్, నడిచిన మైళ్లు తెలుగులోనే చెప్పేది. "తొంభై ఒకటి, డెబ్బై ఆరు, పన్నెండు. ఓకేనా నాన్నా?" మా ఇద్దరి మాటల్లో సగం అవే.

నేను కారు విడిభాగాల గోడౌన్‌లో స్టాక్ చూస్తాను. లెక్కలు సొంతంగా నేర్చుకున్నవే. ఎత్తు ప్రదేశాల్లో అలసట తగ్గడానికి ఏవేం వాడతారో రెండు నెలలు చదివి, ఆరు సప్లిమెంట్లు ఎంచి, టేబుల్ వేశాను. పేరు, రోజు మోతాదు, దాటకూడని పరిమితి. ఏదీ దాటలేదు. ప్యాకెట్ అందాక రమ్య ఒకటే నవ్వు.

"సార్జెంట్ అడిగాడు, మీ డాడ్ డాక్టరా అని. కాదు, బ్రేక్ ప్యాడ్స్ కౌంట్ చేస్తారు అని చెప్పా."

నెల రోజులు అంతా బాగుంది. ఆ ఆదివారం మాత్రం, "ఎనభై... వెయిట్ నాన్నా, ఎనభై ఎంత..." అంది. "కాళ్లు హెవీగా ఉన్నాయి. తినాలని లేదు."

"ఎత్తు కదా తల్లీ, అలాగే ఉంటుంది. రేపటి నుంచి అన్నీ రెట్టింపు వేసుకో" అన్నాను. టేబుల్ చూసే అన్నాను. రెట్టింపైనా ప్రతి వరుసా పరిమితి లోపలే ఉంది.

నా మాట వింది. పదకొండో రోజున ఫోన్ చేసి, "యూరిన్ కోక్ కలర్‌లో వస్తోంది నాన్నా. కళ్లు ఎల్లోగా ఉన్నాయంటున్నారు" అంది.

నేనూ నా భార్య లలితా విమానంలో వెళ్లేసరికి తనని డెన్వర్ హాస్పిటల్‌లో చేర్చారు. లివర్ దెబ్బతింటే పెరిగే ALT నలభై దగ్గర ఉండాల్సింది 2,900. కామెర్లు చూపే బిలిరుబిన్ ఒకటి ఉండాల్సింది 14. హెపటైటిస్ టెస్టులన్నీ నెగెటివ్. "ఎనీ సప్లిమెంట్స్?" అని లివర్ డాక్టర్ అడిగింది. నా టేబుల్ తీసిచ్చాను. కొంచెం గర్వంగానే ఇచ్చాను.

ఆమె చదివి, పెన్ను తీసి, రెండు, నాలుగు, ఐదు వరుసలని ఒక గీతతో కలిపింది. "సర్, దీజ్ త్రీ ఆర్ ద సేమ్ థింగ్." ఒక సీసా మీద గ్రీన్ టీ ఎక్స్‌ట్రాక్ట్. ఇంకోదాని మీద ఆ మొక్క లాటిన్ పేరు. మూడోదాని మీద EGCG, అంటే గ్రీన్ టీలోని అసలు పదార్థం. మూడూ కూడి కింద రాసింది. ఆ మొత్తం పరిమితి దాటిపోయింది.

మూడు కంపెనీలు మూడు నంబర్లతో పంపిన బోల్టు ఒకటేనని పట్టుకోవడమే నా ఉద్యోగం.

అన్నీ ఆపి డ్రిప్ పెట్టారు. మూడో రోజు ALT 1,100కి దిగింది. "తగ్గుతోంది" అని లలితకి చెప్పాను. డాక్టర్ తల అడ్డంగా ఊపింది. రక్తం గడ్డకట్టడం ఆలస్యమవుతోందని చూపే INR పెరుగుతోంది, ALT దిగింది లివర్ కోలుకుని కాదు, పాడవడానికి ఇక కణాలు మిగలక, అంది. ఆ సాయంత్రం, జబ్బు మెదడుకి పాకిందేమో చూడ్డానికి, నర్స్ రమ్యని పది నుంచి వెనక్కి లెక్కపెట్టమంది. తను తెలుగులో మొదలుపెట్టింది. "పది, తొమ్మిది, ఎనిమిది..." ఆగి నా వైపు చూసింది. ఏడు నేను అందించాను. తను అనలేదు.

ఆరో రోజు లివర్ ట్రాన్స్‌ప్లాంట్ అయింది. చనిపోయిన ఎవరి బిడ్డ లివరో మాకు చెప్పలేదు. నెలకి రిజెక్షన్ వచ్చింది, ఒళ్లు కొత్త లివర్‌ని తోసేయబోయింది, స్టెరాయిడ్లతో అణిచారు. ఈలోగా యూనిట్ వెళ్లిపోయింది. మెడికల్ డిశ్చార్జ్ కాగితాలు వచ్చిన రోజు రమ్య యూనిఫాం మడిచి లలిత చేతికిచ్చింది. "నువ్వే పెట్టు అమ్మా, ఎక్కడ పెట్టావో నాకు చెప్పకు" అంది.

రెండేళ్లయింది. రమ్య మా దగ్గరే ఉండి కాలేజీకి వెళుతోంది. ఒళ్లు కొత్త లివర్‌ని తోసేయకుండా రోజుకి రెండుసార్లు టాక్రోలిమస్ మాత్ర, రక్తంలో దాని లెవెల్ చూడ్డానికి నెలకోసారి రక్తపరీక్ష. నన్ను ఒక్క మాట అనలేదు.

"ఈ నెల లెవెల్ ఎంతమ్మా?"

"ఫైన్ నాన్నా."

"ఫైన్ అంటే ఎంత?"

"జస్ట్ ఫైన్."

అంకెలు ఇప్పుడు తన ఫోన్‌లోనే ఉంటాయి.

మీ ఇంట్లో ఎవరైనా ఇలాంటివి వాడుతుంటే సీసాలన్నీ ఒక సంచీలో వేసుకుని ఫార్మసిస్ట్ దగ్గరికి వెళ్లండి. నాలా టేబుల్ వేసే అలవాటుంటే, పేరు పక్కన ఇంకో గడి గీసి, "దీనికి ఇంకేం పేర్లున్నాయి?" అని అడిగి నింపండి. ఆ తర్వాతే కూడండి. నా టేబుల్‌లో ఆ గడి లేదు.